నడుముకు వద్దన్న సూది

ఉదయగిరిలో ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టరుగా పనిచేశాను. నా తరగతిలో ఒక రూలుండేది. బెత్తం దెబ్బకు ఏడవనివాడికి ఒకటితో సరి, ఏడ్చినవాడికి ఇంకొకటి. పదమూడో ఎక్కం రానివాడికి కూడా ఈ లెక్క మాత్రం నోటికి వచ్చేది. నొప్పి ఒంట్లో ఉండదురా, నోట్లో ఉంటుంది, నోరు మూస్తే అదే పోతుంది అని చెప్పేవాణ్ణి. గొప్ప మాట చెబుతున్నాననే అనుకునేవాణ్ణి. ఇంట్లోనూ అదే పాఠం. నా భార్య చెయ్యి కాల్చుకుని "అబ్బా" అంటే, "అబ్బా అంటే తగ్గుతుందా?" అనేవాణ్ణి. ఆమె మాటకు మాట చెప్పే మనిషి కాదు. చేతిమీద చెంబెడు నీళ్ళు పోసుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయేది.

పదమూడేళ్ళ కిందట ఆమెకు పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. తిన్నది తిన్నట్టు వాంతి చేసుకునేది. కుడి డొక్క పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. నెలరోజులు అది గ్యాస్ అని చెప్పి జీలకర్ర నీళ్ళతో సరిపెట్టాను. కళ్ళు పచ్చబడ్డాక ఆత్మకూరులో ఒక ఆస్పత్రిలో చేర్చాను. చిన్న బొక్కలు పెట్టి చేసే ఆపరేషన్ అప్పటికి అక్కడికి రాలేదు. పొట్ట కోసి తియ్యాల్సిందే. డొక్క కింద జానెడు కోత.

థియేటర్ తలుపు బయట మత్తు డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. పక్కకు అంటే ఎంతో దూరం కాదు, స్ట్రెచర్‌కు రెండడుగులు. దానిమీద నా భార్య ముందుగా ఇచ్చిన ఇంజెక్షన్‌కు కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఆపరేషన్‌కు పూర్తి మత్తు ఎలాగూ ఇస్తామన్నాడు. దానికి తోడు నడుములో సూదితో సన్న గొట్టం పెట్టి, అందులోంచి ఆ చోటు మొద్దుబారే మందు వదులుతూ ఉంటే, రెండు రోజులపాటు కోత నొప్పి చాలామటుకు తెలియదన్నాడు. పెడతాను, మీరు సరేనంటే చాలు అన్నాడు.

మా అమ్మ నా మోచేయి పట్టుకుంది. అప్పటికి ఆమె బతికే ఉంది, గట్టిగానే ఉంది.

"ఒద్దు నాయనా. నడుముకు సూది పొడిపిచ్చుకున్న ఆడది మళ్ళా వంగి చీపురు పట్టినట్టు నేను చూళ్ళే. నీ చెల్లెల్ని చూడు. కాన్పుకు పొడిపిచ్చుకున్నింది, ఇయ్యాల్టిదాకా నడుం పట్టుకోనే లేస్తాది. రేపు గొడ్ల కింద ఎవురూడుస్తారు? నీకు కూడెవురొండుతారు?"

మా వైపు ఈ మాట అనని ముసలామె లేదు. నడుం సూది అంటే నడుం పోయినట్టే. నేను బీయస్సీ చదివిన మనిషిని, ఆ మాటలో నిజం లేదని నాకు తెలుసు. కానీ గొడ్ల కొట్టం గుర్తొచ్చింది. మా ఇంట్లో వంగేవాళ్ళు ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

డాక్టరు మళ్ళీ అడిగాడు. "పెద్ద కోత సార్. చాలా నొప్పి ఉంటుంది."

"వద్దు. ఆమె ఓర్చుకుంటాది" అన్నాను.

ఆయన భుజాలెగరేసి లోపలికి వెళ్ళాడు. ఓర్చుకోవాల్సింది నేను కాదు గదా, అందుకే ఆ మాట అంత సులువుగా వచ్చింది.

ఆ తర్వాత మూడు రోజులు నేను చూసింది చెబుతాను. ఆమె నిండా ఊపిరి తీసుకోలేకపోయేది. కొంచెం పీల్చి ఆపేది, ఇంకొంచెం పీల్చి ఆపేది. దగ్గు వస్తుందేమోనని భయపడేది. వస్తే దిండు పొట్టకు అదుముకుని, కళ్ళు పెద్దవి చేసి, నా వైపే చూసేది. రెండో రోజు నర్సు పట్టుకుని లేపి కూర్చోబెట్టినప్పుడు గట్టిగా కేక పెట్టింది. వార్డులో వాళ్ళంతా తలలు తిప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది. వంగి ఆమె చెవిలో, "నోరు మూసుకో. అందరూ చూస్తా ఉండారు" అన్నాను. నొప్పికి మాత్ర పూటకొకటి ఇమ్మన్నారు. రాత్రిది ఎనిమిదింటికి. ఆమె ఏడింటికే అడిగింది. నేను గడియారం చూసి, "టైం కాలా" అన్నాను. పరీక్ష హాల్లో ముందే పేపరు అడిగినవాడికి చెప్పినట్టే చెప్పాను. మళ్ళీ అడిగింది. "టైం అంటే టైమే" అన్నాను. ఆ గంటసేపూ ఆమె మంచం ఊచ పట్టుకుని ఉంది, నేను పేపరు చదువుకున్నాను.

ఇంటికొచ్చాక మా అమ్మ, "మా కోడలికి ఓర్పు తక్కువమ్మా, ఆస్పత్రి ఎగిరిపోయేట్టు అరిచింది" అని ఊరంతా చెప్పింది. నేనూ చెప్పాను, నవ్వుతూ. ఆమె వింటూనే కాఫీ గ్లాసులు అందించేది. నడుం సూది సంగతి మాత్రం నాకూ, మా అమ్మకూ, ఆ డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలియదు. మా అమ్మ దాన్ని తనతోపాటు సమాధికి తీసుకుపోయింది. డాక్టరుకు గుర్తుండే పని లేదు. ఇక మిగిలింది నేను. ఆమెకు తెలియకుండా ఉంటే చాలనుకుంటూ పన్నెండేళ్ళు గడిపాను. పశ్చాత్తాపం అని అబద్ధం చెప్పను. భయం, అంతే. ఆమెకు నేనంటే గౌరవం ఉంది, అది పోకూడదని.

నిరుడు నా వంతు వచ్చింది. మామిడికాయ పప్పూ నెయ్యీ వేసుకుని తిన్న మధ్యాహ్నం డొక్కలో పట్టుకుంది. స్కాన్‌లో రాళ్ళు. ఆత్మకూరులోనే వేరే నర్సింగ్ హోముకు పోయాం. ఇప్పుడక్కడ బొక్కల ఆపరేషన్ చేస్తున్నారు. డాక్టరు చిన్నవాడు, నిదానంగా చెబుతాడు. నాలుగు చిన్న కోతలు, పొట్టలో గ్యాస్ నింపి, కెమెరాతో చూస్తూ తీసేస్తానన్నాడు. లేచాక నొప్పి తెలియకుండా ఆ నాలుగు చోట్లా మొద్దుబారే మందు ఎక్కిస్తానన్నాడు.

అంతసేపూ ఊరికే కూర్చున్న నా భార్య అప్పుడు నోరు తెరిచింది. "ఆ మందు అప్పట్లో ల్యాదా సార్? నాకు పన్నెండేండ్ల కిందట పొట్ట కోసినారు."

"ఎందుకు లేదమ్మా. పెద్ద కోతకు నడుములో గొట్టం పెట్టి ఇచ్చేవాళ్ళు. ఇప్పటికీ ఇస్తారు."

"నడుముకు పెడితే జన్మంతా నడుం నొప్పంట గదా?"

"అవన్నీ ఉత్త మాటలమ్మా. నొప్పి ఉన్నా ఆ సూది పెట్టిన చోట నాలుగు రోజులుంటుంది, పోతుంది."

ఆమె నా వైపు తిరిగింది. "మనకెందుకు పెట్టలేదో?" అంది.

"అప్పట్లో ఈడ ఇవన్నీ యాడుండాయి. లేవు" అన్నాను. నా గొంతు నాకే మామూలుగా వినపడింది. ఆమె తలూపి, గోడమీద వేలాడుతున్న కాలేయం బొమ్మ చూస్తూ కూర్చుంది. నడుం నొప్పి ప్రశ్న ఆమెకు ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను ఆలోచించాల్సింది. అబద్ధం నిలబడిందన్న సంతోషంలో ఆలోచించలేదు.

ఆపరేషన్ పొద్దున్నే. చేతికి సూది గుచ్చడానికి వచ్చిన నర్సు నన్ను గుర్తుపట్టింది.

"నేను మీ దగ్గర చదివినా సార్. మాది దుత్తలూరు."

"బాగా చదివేదానివా?"

"ఏడ్చేదాన్ని సార్."

సూది నరంలోకి దిగింది. నేను "స్స్" అన్నాను. ఆ పిల్ల నవ్వి, ప్లాస్టరు అంటిస్తూ, "ఇంకొకటి ఎయ్యన్లే సార్" అంది. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒళ్ళు మండింది.

మెలకువ వచ్చేసరికి పది దాటింది. పొట్ట తడుముకున్నాను. నాలుగు ప్లాస్టర్లు. వేలితో మెల్లగా నొక్కి చూశాను. ఏమీ లేదు. పొట్ట నాది కానట్టుంది. మోచేతి మీద లేచి కూర్చున్నాను. నా అంతటి మగవాడు జిల్లాలో లేడనిపించింది.

నా భార్య అన్న వరికుంటపాడు నుంచి కారు తీసుకుని వచ్చాడు. వచ్చీ రాగానే, "ఎట్లుండాది బావా?" అని నా మంచం దగ్గర బెరుగ్గా నిలబడ్డాడు. తన చెల్లెలి ఆపరేషన్ అతనూ చూసినవాడే. అప్పుడు ఆమె కేక విని వరండాలోకి పోయి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏంలే, బావా. చీమ కుట్టినట్టు గూడా లేదు. దీనికా మీ చెల్లెలు అంత గోల పెట్టింది? మూడు రోజులు ఆస్పత్రి నెత్తినెత్తుకుంది గదా. ఆడోళ్ళకు పొట్ట కోస్తే నోట్లోంచి వస్తాది రోగం" అన్నాను.

అతను నవ్వలేదు. నా భార్య కమలాపండు ఒలుస్తోంది. ఒలవడం ఆపలేదు. తొనమీది పీచు కూడా ఓపిగ్గా తీసి నా చేతిలో పెట్టింది.

నర్సు రెండింటికి మాత్ర తెచ్చింది. "ఇప్పుడు నొప్పి ల్యాకున్నా ఏసుకోండి సార్. లోపల పెట్టిన మందు సాయంత్రానికి దిగిపోతాది. అది దిగకముందే మాత్ర పని మొదలుపెట్టాల. ఇంకోటి ఎనిమిదింటికి."

"నొప్పి లేనోడికి మాత్రెందుకు?"

"మందు పనిచేస్తా ఉండాది సార్, మీరు గాదు."

ఆ జవాబుకు తరగతిలోనైతే రెండు పడేవి. మాత్ర కిటికీలోంచి విసిరేశాను. నా భార్య చూసింది. మిగిలిన మాత్రల అట్ట తీసి తన సంచిలో పెట్టుకుంది. డాక్టరు రేపు పొమ్మన్నాడు. నేను ఇవాళే పోతానని కాగితం మీద సంతకం పెట్టాను. అంతటితో ఊరుకోలేదు. పాస్టరుగారికి ఫోను చేసి, "ఈ సాయంత్రమే మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టండయ్యా. బల్లమీంచి దిగి నడిచొస్తా ఉండా. సాక్ష్యం చెప్పాల" అన్నాను. సంఘంలో జబ్బు నయమైనవాళ్ళు లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం మాకు ఆనవాయితీ. కానీ వాళ్ళు నయమయ్యాక చెబుతారు. నోరా వీపుకు దెబ్బలు తేకే అని పిల్లలకు వెయ్యిసార్లు చెప్పినవాణ్ణి, నా నోటికి చెప్పుకోలేదు.

మూడున్నరకు కారెక్కాం. అనుమసముద్రంపేట దగ్గర దర్గాకు వచ్చిన బస్సులు రోడ్డుకు అడ్డం. మా బావమరిది బ్రేకు వేశాడు. బొడ్డు దగ్గర చురుక్కుమంది. సీటు బెల్టు అనుకున్నాను. బెల్టు తీసేశాను. పోలేదు. తర్వాత స్పీడు బ్రేకరుకు రొమ్ము కింద ఒకటి, డొక్కలో రెండు, పేర్లు పిలిస్తే హాజరు పలికినట్టు ఒకదాని వెంట ఒకటి లేచాయి. దుత్తలూరు వచ్చేసరికి కుడి భుజంలో మేకు దిగినట్టుంది. పొట్టలో నింపిన గ్యాస్ భుజానికి ఎక్కుతుందని డాక్టరు చెప్పే ఉన్నాడు. నేను వినలేదు.

ముందు సీట్లోంచి నా భార్య వెనక్కి తిరిగి చూసింది. "నొప్పిగా ఉండాదా?" అని అడిగింది.

మా బావమరిది అద్దంలోంచి నన్ను చూస్తున్నాడు.

"లేదు" అన్నాను.

ఆమె ముందుకు తిరిగింది. సంచి ఒళ్ళోనే ఉంది. ఒక్క మాట అంటే మాత్ర చేతికొచ్చేది. ఆ ఒక్క మాటా నా నోట రాలేదు.

ఇంటికి పోయేసరికి వరండాలో చాపలు పరిచి ఉన్నాయి. పాతికమంది దాకా వచ్చారు. నన్ను చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. నేను పంటి బిగువున ఊపిరి చిన్నచిన్నగా తీసుకుంటున్నాను. కొంచెం పీల్చి ఆపుతున్నాను, ఇంకొంచెం పీల్చి ఆపుతున్నాను. అలా తీసుకోవడం ఎక్కడ చూశానో అప్పుడు గుర్తొచ్చింది. ఆమె ఆడవాళ్ళ వైపు గోడకు ఆనుకుని నిలబడి నన్నే చూస్తోంది.

పాట అయింది. పాస్టరుగారు, "మాస్టరుగారు పొద్దున ఆపరేషన్ అయి సాయంత్రానికి మన మధ్యన ఉండారు. సాక్ష్యం చెప్తారు" అన్నారు. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాను. సగం లేచాక ఆగిపోయాను. పైకి పోలేను, కిందికి రాలేను. నోరు తెరిస్తే కేక వచ్చేట్టుంది.

అప్పుడు నా భార్య గోడ వదిలి ముందుకొచ్చింది. ముప్పై ఐదేళ్ళ కాపురంలో ఆమె కూడికలో లేచి మాట్లాడింది లేదు.

"ఆయన మొహమాటపడతా ఉండారు, నేను చెప్తా" అంది. "పొద్దున నాతో, మా అన్నతో ఆయనే చెప్పినారు. చీమ కుట్టినట్టు గూడా లేదంట. నేనే అప్పుడు ఊరికే అరిచినానంట. మాత్ర గూడా ఒద్దని పారేసినారు. దారిలో అడిగినా, నొప్పి లేదనే అన్నారు. ఆయనకేం తొందర ల్యా. ఇంకో రెండు పాటలు పాడండయ్యా. నిదానంగా ప్రార్థన చెయ్యండి."

అందరూ స్తోత్రం అన్నారు. రెండు కాదు, మూడు పాడారు. తర్వాత పాస్టరుగారు ప్రార్థన అందుకుని మూడు మండలాల్లోని రోగులందరినీ పేరుపేరునా తలుచుకున్నారు. నేను కుర్చీలో సగం ఒరిగి, చెమటతో చొక్కా తడిసి, కళ్ళు మూసుకుని ఉన్నాను. భక్తి అనుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఒకాయన చనువుగా కుడి భుజం మీద చరిచాడు.

వాళ్ళు వెళ్ళేసరికి ఏడు. మా బావమరిది నన్ను మంచం మీద పడుకోబెట్టి, తన ఊరికి పోయాడు. పడుకోగానే కడుపులో తిప్పింది. మంచం పక్కనే వాంతి అయింది. నాలుగు కోతలూ ఒకేసారి విప్పుకున్నట్టయింది. కేక పెట్టాను. వీధిలోకి వినిపించి ఉంటుంది. నేను పట్టించుకునే స్థితిలో లేను.

"మాత్ర ఇయ్యి" అన్నాను.

ఆమె గోడ గడియారం చూసింది. "రెండింటిది మీరు పారేసినారు. ఇంక ఎనిమిదింటిదే."

"చచ్చిపోతా ఉండా. ఒక్క గంట ముందేసుకుంటే ఏమౌతాది?"

"టైం అంటే టైమే."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాలనుకున్నా దాగలేదు, చెంపల మీదుగా చెవుల్లోకి కారింది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏడ్చినోళ్ళకు ఇంకొకటి గదా మీ లెక్క?" అంది. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అంది.

"నేనేం చేసినానని ఇంత పగ నీకు?"

"ఆ పొద్దు స్ట్రెచర్ మీద నేను నిద్రపోలా."

నొప్పి ఒక్క క్షణం ఆగినట్టే అనిపించింది.

"ఆ డాక్టరు రెండుసార్లు అడిగినాడు" అంది. "మీ అమ్మ ఒద్దనింది. సరే, ఆమె పెద్దది, ఆమెకు తెలిసింది అంతే. మీరు సదువుకున్నోళ్ళు. ఓర్చుకుంటాది అన్నారు. నన్ను తట్టి లేపి ఒక్క మాట అడగలా. నాలిక తిరగల్యా నాకు, అయినా చెయ్యెత్తినా. మీరు చూళ్ళా."

"ఇన్నేండ్లూ ఎందుకు అడగలా నువ్వు?"

"మీరే చెప్తారని చూసినా. మీ అమ్మ పోయిన రోజు చెప్తారనుకున్నా. మొన్న డాక్టరు ముందర గూడా అడిగినా గదా, ఆఖరుసారి. అప్పట్లో లేదన్నారు."

ఆమె లేచి, బకెట్టూ పాతగుడ్డా తెచ్చి, నడుం వంచి నేల తుడవడం మొదలుపెట్టింది. మంచం కింద దాకా వంగి నా వాంతి ఎత్తింది. ఎక్కడా చెయ్యి నడుముకు పోలేదు, ఎక్కడా మూలగలేదు.

"మీ అమ్మ మాట నిజమే" అంది గుడ్డ పిండుతూ. "నడుముకేం కాలా. గట్టిగా ఉండాది."

చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. పేపరు తీసి చదువుకుంది. నేను మంచం పట్టె పట్టుకుని ఉన్నాను. ఎనిమిది కొట్టాక అట్టలోంచి మాత్ర ఒకటి తీసి, తల కింద చెయ్యి పెట్టి లేపి, నీళ్ళు తాగించింది. ఒక్క చుక్క ఒలకలేదు. మూతి కూడా పైటకొంగుతో తుడిచింది.

నా గాట్లు వారంలో మానిపోయాయి. ఇప్పుడు వెతికితే తప్ప కనిపించవు. ఆమెది జానెడు పొడుగున అలాగే ఉంది. ఆమె ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. వంట చేస్తుంది, పిలిస్తే పలుకుతుంది, కాఫీ చల్లారకముందే ఇస్తుంది. ఊళ్ళో వాళ్ళకు మేం ఎప్పటిలాగే ఉన్నాం.

నెల తర్వాత ఒక పొద్దున, ఆమె వాకిలి ఊడుస్తుంటే, గడప దగ్గర నిలబడి, "నేను చేసింది తప్పే. నన్ను క్షమించు" అన్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల చేత అనిపించిన మాట, నేను అనడం అదే మొదలు.

ఆమె నడుం ఎత్తలేదు. వంగి ఊడుస్తూనే, "దానికింకా టైం కాలా" అంది. నా కాళ్ళకు చీపురు తగలకుండా పక్కకు జరగమని చేత్తో చూపించింది. నేను జరిగాను.